అలవాటు పడని చెవి, కునుకు లేని కాపలా

హౌరాలో బర్ధమాన్ మెయిన్ లైన్ లోకల్ ఎక్కితే మొదట వచ్చే స్టేషను లిలువా. రైలు పెట్టెలనూ వ్యాగన్లనూ బాగుచేసే వర్క్‌షాపు ఇక్కడ 1900 నుంచీ ఉంది. రేకు మీద సుత్తిదెబ్బ, గ్రైండరు కీచు, గాలిబ్రేకుల బుస, షంటింగ్ ఇంజను కూత, వాటి మధ్యలోంచి దూసుకుపోయే లోకల్ బళ్లు. ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు నిశ్శబ్దమే కాస్త వింతగా ఉంటుంది.

ఇలాంటి చోట పనిచేసేవాళ్ల చెవుల సంగతి వైద్యులు చాలాకాలం కిందటే పట్టించుకున్నారు. 1886లో గ్లాస్గో వైద్యుడు థామస్ బార్ వందమంది బాయిలరు పనివాళ్లను పరీక్షిస్తే ఒక్కరికి కూడా వినికిడి సవ్యంగా లేదు. ఆ దారిలోనే మెల్లగా చట్టాలు వచ్చాయి. మన దేశంలో కార్ఖానా లోపల ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దు. ఇళ్లుండే చోట, 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం పగలు 55, రాత్రి 45. ఈ అంకెలన్నీ చప్పుడుకు పెట్టినవి. అదే చప్పుడు ఒకరికి జోలగానూ మరొకరికి దెబ్బగానూ తగులుతుందన్న సంగతి ఏ మీటరులోనూ కనబడదు. ఈ అధ్యాయంలో మనకు కావలసింది ఆ రెండోవాడు, వాడితోపాటు వాణ్ణి కనిపెట్టుకుని ఉండే మనిషి.

లిలువా రైల్వే కాలనీలో ఒక క్వార్టరు ఊహించుకుందాం. ఇది ఎవరి ఇల్లూ కాదు. పరిశోధన పత్రాల్లోనూ తల్లుల కబుర్లలోనూ పదేపదే తగిలే సంగతులను ఒకచోట పెట్టుకోవడానికి మనం కట్టుకున్న ఇల్లు. తండ్రిది శ్రీకాకుళం వైపు, క్యారేజి షాపులో టెక్నీషియన్. కొడుక్కి ఆరేళ్లు. మిక్సీ తిరిగితే వాడు చెవులు మూసుకుని బాత్రూములో దాక్కుంటాడు. కుక్కరు రెండో కూతకి ఏడుపు లంకించుకుంటాడు. చొక్కా మెడ వెనక లేబుల్ కత్తిరించకపోతే తొడుక్కోడు. బెండకాయ జిగురు నాలుకకు తగిలితే తిన్నదంతా కక్కేస్తాడు. తలకు నూనె రాయడం ఆ ఇంట్లో ఒక యుద్ధం. సింహాచలంలో పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు సగం గుండుతో లేచి పరుగెత్తిన కథ బంధువులు ఇప్పటికీ పెళ్లిళ్లలో చెప్పుకుని నవ్వుకుంటారు. అదే పిల్లాడు మంచం మీంచి పదిసార్లు దూకుతాడు, గోడకేసి భుజం గుద్దుకుంటాడు, మోకాలు చీరుకుపోయినా తుడుచుకుని లేస్తాడు.

చుట్టుపక్కలవాళ్లు ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టారు. పక్క క్వార్టరు బెంగాలీ ఆవిడ, “ఛేలేటా బడ్డో జేదీ” అంటుంది, మహా మొండిఘటం అని. నానమ్మ ఫోనులో “వాళ్ల నాన్నా చిన్నప్పుడు ఇంతేనే, గుండీలున్న చొక్కా వేస్తే ఊరు లేచిపోయేది” అంటుంది. ఊరి నుంచి వచ్చినప్పుడల్లా ఉప్పూ ఎండు మిరపకాయలూ తిప్పి దిష్టి తీసి నిప్పుల్లో వేస్తుంది. ఆ ఘాటుకు పిల్లాడు ఇంకో గంట ఉక్కిరిబిక్కిరి అవుతాడు. ఈ వైద్యాలన్నిటిలోనూ అసలు విషయానికి దగ్గరగా వచ్చింది మాత్రం నానమ్మ మాటే. దాని దగ్గరికి మళ్లీ వద్దాం.

మెదడు ఎందుకు పట్టించుకోదు

వినడం ఎంత ముఖ్యమో వినకుండా వదిలేయడం మెదడుకు అంతే ముఖ్యం. మీరు ఈ పేజీ చదువుతుండగా ఫ్యాను తిరుగుతోంది, చేతి గడియారం మణికట్టును నొక్కుతోంది, చొక్కా వీపును రాసుకుంటోంది. నేను గుర్తుచేసేదాకా అవేవీ మీ దృష్టిలో లేవు. ప్రమాదం లేదని ఒకసారి తేలాక మెదడు ఆ కబురును తగ్గించేస్తుంది. లిలువా వర్క్‌షాపు పక్కన పసిపిల్లలు హాయిగా నిద్రపోవడం ఈ పనివల్లే.

కొందరిలో ఈ తగ్గింపు సరిగా జరగదు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో షులమైట్ గ్రీన్ బృందం 2015లో ప్రచురించిన పరిశోధన దీన్ని మెదడు లోపలే చూపించింది. పిల్లలను స్కానరులో పడుకోబెట్టి, చేతిమీద గరుకు ఉన్నిగుడ్డ రాస్తూ, రొద వినిపించారు. భయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం మామూలు పిల్లల్లో మొదట ఉలిక్కిపడి కాసేపటికి సద్దుమణిగింది. ఆటిజంతోపాటు ఇంద్రియాల అతిస్పందన కూడా ఉన్న పిల్లల్లో సద్దుమణగలేదు. పదోసారి గీసినా మొదటిసారి గీసినట్టే. ఆటిజం ఉండి కూడా ఈ ఇబ్బంది అంతగా లేనివాళ్లలో మెదడు అలవాటు పడింది. అంటే ఆటిజం వేరు, అలవాటు పడలేకపోవడం వేరు. రెండూ తరచు కలిసి వస్తాయి, అంతే.

మరికొన్ని సందర్భాల్లో తేడా మెదడు దాకా వెళ్లకముందే మొదలవుతుంది. హార్వర్డ్‌లో డేవిడ్ గింటీ ప్రయోగశాల 2016లో ఎలుకల మీద చేసిన ప్రయోగం చాలా సొగసైనది. ఆటిజంతో, రెట్ సిండ్రోమ్‌తో సంబంధమున్న జన్యువులను చర్మం నుంచి వెన్నుపాముకు స్పర్శ కబురు మోసే నరాల కణాల్లో మాత్రమే చెడగొట్టారు, మెదడు జోలికి పోలేదు. అయినా ఆ ఎలుకలు సన్నటి స్పర్శకే అదిరిపడ్డాయి, పెద్దయ్యాక బెదురుగా, తోటి ఎలుకలకు దూరంగా మెలిగాయి. చర్మం ఎప్పుడూ కేకలు పెడుతుంటే లోకంతో స్నేహం కుదరడం కష్టమే కదా.

ఈ సంగతి కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. ఆటిజాన్ని మొదట వివరించిన లియో కానర్ 1943 నాటి వ్యాసంలోనే, తాను చూసిన 11 మంది పిల్లల్లో పెద్ద చప్పుళ్లకూ కదిలే వస్తువులకూ ఉన్న భయాన్ని రాశాడు. ట్రైసైకిళ్లు, లిఫ్టులు, వాక్యూమ్ క్లీనర్లు, కుళాయి నీళ్లు, గుడ్డు గిలక్కొట్టే మర, ఆఖరికి గాలి కూడా. కానీ ఆ తర్వాత రెండు దశాబ్దాలు చర్చంతా తల్లి వైపు మళ్లింది. తల్లి మనసు మంచుముద్ద అయినందువల్లే బిడ్డ ఇలా అయ్యాడన్నారు. చికాగోలో బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో దాని మీద ఏకంగా పుస్తకమే రాశాడు. అప్పటికి మూడేళ్ల ముందే బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వవేత్త, స్వయంగా ఆటిజం ఉన్న కొడుక్కి తండ్రి, ఇది జీవసంబంధమైనదని వాదించిన పుస్తకం వచ్చింది. సైన్సు ఆయన వైపే నిలిచింది. అయినా ఆ పాత నింద ఏ రైల్వే కాలనీలోనూ ఇంకా చావలేదు. “నువ్వు గారాబం చేసి చెడగొట్టావ్” అన్న మాటలో అదే బతుకుతోంది.

ఇంద్రియాల మీద దృష్టి నిలిపిన మనిషి కాలిఫోర్నియా ఆక్యుపేషనల్ థెరపిస్టు జీన్ ఆయర్స్. 1972లో ఆమె రాసిన పుస్తకంతో ఇంద్రియాల సమన్వయం అనే భావన నిలదొక్కుకుంది. మనం బళ్లో నేర్చుకున్న ఐదు ఇంద్రియాలకు తోడు, ఒంటి తూకాన్ని చెప్పే లోపలి చెవి, కీళ్లూ కండరాలూ పంపే కబుర్లు కూడా పిల్లల నడవడిలో కీలకమని ఆమె పట్టుబట్టింది. మన పిల్లాడు గోడకు భుజం ఎందుకు గుద్దుకుంటున్నాడో ఇక్కడ అర్థమవుతుంది. సన్నటి స్పర్శ వాడిని రెచ్చగొడుతుంది, గట్టి ఒత్తిడి నెమ్మదిపరుస్తుంది. 1997లో మరో ఆక్యుపేషనల్ థెరపిస్టు విన్నీ డన్ ఇంకో అడుగు వేసింది. ఒక్కో ఇంద్రియానికి ఒక్కో గడప ఉంటుంది. కొందరికి తక్కువ ఎత్తు, చిన్న కబురు కూడా దాటొచ్చేస్తుంది. కొందరికి ఎక్కువ ఎత్తు, పెద్ద కబురు కావాలి. దానికి మనిషి తలవంచి ఊరుకుంటాడా, తానే ఏదైనా చేస్తాడా అన్నది వేరే లెక్క. ఒకే పిల్లాడికి చెవి గడప నేలకు ఆని ఉండి, కండరాల గడప నడుమెత్తు ఉండవచ్చు. అందుకే వాడు ఒకే గంటలో కుక్కరుకు ఏడుస్తాడు, మంచం మీంచి దూకుతాడు. మొండితనంగా చూస్తే ఈ రెండూ పొసగవు, గడపల లెక్కలో పొసగుతాయి.

మిక్సీ మీట ఎవరి చేతిలో

చికిత్సల విషయంలో నిజం కాస్త చేదు. ఆయర్స్ పద్ధతి థెరపీతో పిల్లలు తమ రోజువారీ లక్ష్యాల్లో మెరుగయ్యారని 2014లో అమెరికాలో 32 మంది పిల్లలతో జరిగిన ఒక చిన్న ప్రయోగం చూపింది. బ్రిటన్‌లో 138 మంది పిల్లలతో జరిగిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2022లో వచ్చాయి. మామూలుగా అందే సేవల కంటే ఈ థెరపీ పిల్లల చిరాకునూ అలజడినీ ఎక్కువేమీ తగ్గించలేదు. అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ 2012లోనే చెప్పింది, ఇంద్రియ సమస్యను విడి జబ్బుగా రాయకండి, థెరపీ వాడితే ఆధారాలు పరిమితమని తల్లిదండ్రులకు చెప్పి వాడండి అని. బరువు దుప్పట్ల సంగతీ అంతే. 2014లో 67 మంది పిల్లలతో పరీక్షిస్తే కొలతల్లో నిద్ర పెరగలేదు, కానీ పిల్లలకూ తల్లిదండ్రులకూ ఆ దుప్పటి నచ్చింది.

నా మటుకు నాకు దీన్నుంచి వచ్చే అర్థం ఇది. అప్పు చేసి ఇంట్లో రంగుదీపాల గది కట్టించనక్కర్లేదు. చీరతో కట్టిన ఉయ్యాల, బొంతలో చుట్టి గట్టిగా హత్తుకోవడం, బియ్యం డబ్బా ఈ గదిలోంచి ఆ గదిలోకి మోయించడం, ఇవి వాడికి సుఖంగా ఉంటే చాలు. వాడికి సుఖం అన్నదే ప్రమాణం. ముందుగా ఒకసారి చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించడం మాత్రం మానకూడదు. చెవిలో చీముతో ఏడ్చే పిల్లాడికి గడపల సిద్ధాంతం అక్కర్లేదు.

థెరపీ గది కంటే ఇంట్లో బాగా పనికొచ్చే ఒక చిన్న ప్రయోగం ఉంది. మనకు మనం చక్కిలిగింత ఎందుకు పెట్టుకోలేం? 1998లో లండన్‌లో సారా-జేన్ బ్లేక్‌మోర్ బృందం స్కానరుతో చూసి చెప్పింది. మన కదలిక ఏ అనుభూతిని తెస్తుందో చిన్నమెదడు ముందే అంచనా కట్టి, ఆ అనుభూతిని తగ్గించేస్తుంది. ముందుగా తెలిసినది తక్కువ తగులుతుంది, మనం తెచ్చుకున్నది ఇంకా తక్కువ. కాబట్టి మిక్సీ మీట పిల్లాడి చేతిలో పెట్టండి. “ఎప్పుడు వెయ్యాలో నువ్వే చెప్పు, ఐదు లెక్కపెట్టాక నువ్వే ఆపెయ్” అంటే, అదే గిన్నె, అదే పచ్చడి, అదే డెసిబెల్స్, కానీ వాడి మెదడుకు వేరే చప్పుడు. అన్ని రోజులూ పనిచేయదు. పనిచేసిన రోజు ఆ ఇంట్లో కొబ్బరి పచ్చడి ఉంటుంది.

తలనూనెకూ ఇదే సూత్రం. వేళ్ల కొసలతో మెల్లగా రాసే ప్రేమపూర్వకమైన స్పర్శే వాడికి శత్రువు. అరచేతులు రెండూ కణతల మీద అదిమి పట్టి, కాసేపు ఉంచి, అప్పుడు గట్టిగా రుద్దాలి. ముందు వాడి చేతికి నూనె ఇచ్చి నాన్న తలకు రాయించాలి.

చెవికి తొడిగే మఫ్‌ల విషయంలో ఒక హెచ్చరిక. 2003లో క్రెయిగ్ ఫార్మ్‌బీ బృందం మామూలు వినికిడి ఉన్న పెద్దవాళ్లకు రెండు వారాలు చెవిలో ప్లగ్గులు పెట్టించింది. తీసేసరికి వాళ్లకు చప్పుళ్లు ఇదివరకటి కంటే పెద్దగా వినిపించాయి. కబురు అందకపోతే మెదడు తన వాల్యూము తానే పెంచుకుంటుంది. అందువల్ల మఫ్‌లు రోజంతా వద్దు. పూజ పందిరి దగ్గర ఢాక్ మోగేటప్పుడు, కాళీపూజ రాత్రి, వర్క్‌షాపులో విశ్వకర్మ పూజకు కుటుంబాలన్నీ కదిలే సెప్టెంబరు 17న, అప్పుడు తొడగండి. మరీ ముఖ్యంగా కాళీపూజకు. పశ్చిమ బెంగాల్లో బాణసంచాకు ఏళ్ల తరబడి 90 డెసిబెల్స్ హద్దుండేది. 2023లో దాన్ని దేశమంతటా ఉన్న 125కు పెంచారు. డెసిబెల్స్ లెక్క గుణకారాల లెక్క. ఆ 35 తేడాకు చప్పుడు శక్తి మూడు వేల రెట్లు దాటుతుంది. లౌడ్‌స్పీకర్లకు 1996లోనే జస్టిస్ భగవతీ ప్రసాద్ బెనర్జీ తీర్పుతో కళ్లెం వేసిన కలకత్తా హైకోర్టు ఉన్న రాష్ట్రం ఇది. ఎన్ని ఇళ్లలో పిల్లలు ఆ రాత్రి మంచం కింద ఉంటారన్నది ఏ ఉత్తర్వులోనూ కనబడదు.

ఇంటెన్సివ్ డ్యూటీ

ఇప్పుడు తల్లి దగ్గరికి. రోజూ ఆవిడ ఏం చేస్తుందో చూడండి. కుక్కరు పెట్టకముందు పిల్లాడు ఏ గదిలో ఉన్నాడో చూస్తుంది. తలుపు కొట్టే మనిషి బెల్లు నొక్కకముందే కిటికీలోంచి చెయ్యూపుతుంది. బడి బస్సు హారన్, పక్కింటి అగరొత్తులు, కొత్త సబ్బు వాసన, కరెంటు పోయి వచ్చినప్పుడు ఒక్కసారిగా మొదలయ్యే టీవీ. వీటిలో ఏది ఎప్పుడు వస్తుందో ఆవిడ మెదడు ముందే లెక్కలు కడుతుంటుంది. పిల్లాడి మెదడు చేయలేని వడపోతను ఆవిడ తన మెదడుతో చేసిపెడుతోంది. ఏడుపుల కంటే ఎక్కువ అలసట ఈ కనిపెట్టుకుని ఉండటంలోనే ఉంది. ఏమీ జరగని రోజు కూడా ఆవిడ అలిసిపోతుంది, ఎందుకంటే ఏమీ జరగకుండా చూసింది ఆవిడే. “ఇవాళ వాడు బాగానే ఉన్నాడుగా, నీకేమైంది?” అన్న ప్రశ్నకు జవాబు అదే.

కాపలా ఎంత త్వరగా మనిషిని అరగదీస్తుందో యుద్ధకాలంలోనే తేలింది. రాడార్ తెరల ముందు కూర్చునే బ్రిటిష్ వైమానిక సిబ్బంది గుర్తులను ఎందుకు వదిలేస్తున్నారో నార్మన్ మాక్‌వర్త్ పరీక్షించి 1948లో రాశాడు. గడియారం ముల్లులాంటిది ఎప్పుడో ఒకసారి రెండు గడులు దూకుతుంది, అది పట్టుకోవాలి. మొదటి అరగంట తర్వాతే తప్పులు పెరిగాయి.

భారతీయ రైల్వే ఈ విషయాన్ని చట్టంలోనే రాసుకుంది. 1989 రైల్వే చట్టం ఉద్యోగాలను వాటి బరువును బట్టి విడదీస్తుంది. ఎడతెగకుండా మనసు నిలపాల్సిన, మధ్యలో ఊపిరి తీసుకునే వీలు లేని పనికి ఇంటెన్సివ్ అని పేరు. ఆ డ్యూటీ రెండు వారాల సగటున వారానికి 45 గంటలు మించకూడదు. వారానికొకసారి వరుసగా 30 గంటల విశ్రాంతి ఇచ్చి తీరాలి. తండ్రి పనిచేసే శాఖకు తెలిసిన ఈ సత్యం ఆయన ఇంట్లో ఎవరికీ తట్టదు. ఆ లెక్కన వంటగదిలో ఉన్న మనిషిది ఇంటెన్సివ్ డ్యూటీయే. రిలీఫ్ ఎప్పుడొస్తుందో తెలియదు.

రిలీఫ్ లేకపోతే ఒంట్లో ఏం జరుగుతుంది? 2004లో ఎలిస్సా ఎపెల్, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ బృందం 58 మంది తల్లుల రక్తకణాల్లో క్రోమోజోముల కొసలకు ఉండే టెలోమియర్లను కొలిచింది. వయసుతో అరిగే తొడుగులవి. కొందరు తల్లులకు దీర్ఘకాలపు జబ్బున్న పిల్లలు, కొందరికి ఆరోగ్యవంతులు. అందరూ చెప్పుకునేది ఒక ముక్కే, ఒత్తిడి బాగా ఎక్కువగా ఉన్న తల్లుల కణాలు కనీసం పదేళ్లు ముసలివైనట్టు కనిపించాయని. నాకు ఇంకో ముక్క ముఖ్యం. జబ్బు పిల్లల తల్లులు, మిగతా తల్లులు అని రెండు గుంపులుగా చూస్తే సగటు తేడా లేదు. తేడా తెచ్చింది ఎన్నేళ్లుగా చూసుకుంటున్నారు, ఆ భారం తమ మీద ఎంతుందని అనుకుంటున్నారు అన్నవి. బిడ్డ ఇలా పుట్టడం తల్లి ఆయుష్షుకు శాపం కాదు. ఒంటరిగా ఏళ్ల తరబడి మోయడం వేరు సంగతి. 2010లో మార్షా సెల్ట్‌జర్ బృందం ఆటిజం ఉన్న పెద్దపిల్లల తల్లుల లాలాజలంలో ఒత్తిడి హార్మోను కార్టిసోల్ కొలిస్తే, అది రోజంతా మామూలు కంటే తక్కువగా ఉంది. ఎక్కువ కాదు, తక్కువ. ఏళ్ల తరబడి మోగి మోగి అలిసిన గంట అది. యుద్ధం చూసిన సైనికుల్లో కూడా ఇలాంటి తీరే కనబడింది.

ఇక్కడ నానమ్మ మాట దగ్గరికి రావాలి. 2006లో అమెరికాలో హిల్ గోల్డ్‌స్మిత్ బృందం కవలపిల్లలను పోల్చి, స్పర్శకూ శబ్దానికీ అతిగా స్పందించే గుణంలో వారసత్వం పాలు గణనీయంగా ఉందని చూపింది. గుండీల చొక్కా వేసుకోని నాన్నకు ఇలాంటి కొడుకు పుట్టడంలో ఆశ్చర్యం లేదు. తల్లి తరఫున కూడా అలాంటిదే ఉండవచ్చు. చిన్నప్పుడు జడ బిగించి వేస్తే ఏడ్చిన పిల్ల, పెళ్లిలో పట్టుచీర జరీ గుచ్చుకుంటుంటే పళ్లు బిగబట్టిన పెళ్లికూతురు, ఇప్పుడు రోజంతా కేకల మధ్య, మీద ఎక్కే పిల్లాడితో గడుపుతోంది. సాయంత్రానికి ఎవరు ముట్టుకున్నా ఒళ్లు జలదరిస్తుంది, ఆఖరికి భర్త భుజం మీద చెయ్యి వేసినా. ఆవిడ దాన్ని ప్రేమ తగ్గడం అనుకుని కుమిలిపోతుంది. అది ఆవిడ గడప కూడా నిండిపోవడం. పిల్లాడికి మఫ్‌లు కొన్న ఇంట్లో తల్లికి కూడా ఒక జత ఉండొచ్చు, వాడు ఏడుస్తున్నప్పుడు పెట్టుకోవడానికి. ఏడుపు వినపడుతూనే ఉంటుంది, చెవిలో గునపంలా మాత్రం దిగదు. ఆవిడ గొంతు లేవదు. గొంతు లేవకపోతే వాడి చెవికి మరో దెబ్బ తప్పుతుంది.

“నీకోసం కాస్త టైము కేటాయించుకో” అనే పత్రికల సలహా నాకు కిట్టదు. యోగా, సంగీతం, ముఖానికి పూత. ఇవన్నీ చేయాల్సిన పనుల జాబితాలో ఇంకో మూడు పనులు. పక్క గది మీద చెవి వేసి చేసే శవాసనం విశ్రాంతి కాదు. ఛార్జ్ పూర్తిగా అప్పగించినప్పుడే కాపలా మనిషికి విశ్రాంతి. తండ్రి “నువ్వు పడుకో, నేను చూస్తాలే” అంటాడు. పావుగంటలో తలుపు దగ్గర నిలబడి, “ఇదిగో, వాడి నీలం గ్లాసు ఎక్కడ పెట్టావ్?” అని అడుగుతాడు. అక్కడితో రిలీఫ్ అయిపోయింది. నీలం గ్లాసు ఎక్కడుందో, ఏ చొక్కాకు లేబుల్ కత్తిరించారో, వీధిలో డప్పు వినబడితే వాణ్ణి ఏ గదిలోకి తీసుకెళ్లాలో ఆయనకు కూడా తెలిసినప్పుడే అది డ్యూటీ మార్పు. స్టేషను మాస్టరు డ్యూటీ దిగుతూ డైరీలో రాసి వెళ్తాడే, ఆ ఇంట్లో ఫ్రిజ్ మీద అలాంటి కాగితం ఒకటి ఉండాలి. రాసేది ఆవిడ. చదవాల్సింది నాన్న, నానమ్మ, పక్కింటి ఆవిడ కూడా.

బయటి సాయం లేకపోలేదు, కానీ దాని దారి వంకరటింకర. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. దాన్ని కొలిచే 40 ప్రశ్నల భారతీయ కొలమానాన్ని 2009లో తయారుచేసింది మన సికింద్రాబాద్ బోయినపల్లిలోని మేధోవైకల్యాల జాతీయ సంస్థే. ఆ ప్రశ్నల్లో ఇంద్రియాలకు విడిగా ఒక భాగం ఉంది. అదే సంస్థ ప్రాంతీయ కేంద్రం కోల్‌కతాలో బన్‌హుగ్లిలో ఉంది. లిలువా నుంచి బాలీ వెళ్లి, వంతెన మీద గంగ దాటి దక్షిణేశ్వర్, అక్కణ్ణుంచి డన్‌లప్ మీదుగా బీటీ రోడ్డు. చప్పుడు పడని పిల్లాడితో ఆ ప్రయాణమే ఒక పరీక్ష. తీరా వెళ్తే, ఆటిజం లేకుండా ఇంద్రియ ఇబ్బంది మాత్రమే ఉన్నవాడికి సర్టిఫికెట్ రాదు. దానికి చట్టంలో గడి లేదు.

సర్టిఫికెట్ ఉంటే, వికలాంగుల బాధ్యత ప్రధానంగా మోస్తున్న కేంద్ర ఉద్యోగులను మామూలు బదిలీల నుంచి మినహాయించవచ్చని 2014 జూన్ నాటి ఉత్తర్వు ఒకటి ఉంది. అలవాటైన గోడల మధ్యే నెమ్మదించే పిల్లాడికి అది పెద్ద వరం. శిశుసంరక్షణ సెలవు 730 రోజులు ఉంది, కానీ అది మహిళా ఉద్యోగులకూ ఒంటరి తండ్రులకూ మాత్రమే. 2024 ఏప్రిల్‌లో హిమాచల్ ప్రదేశ్ కాలేజీ అధ్యాపకురాలి కేసులో సుప్రీంకోర్టు, వైకల్యమున్న బిడ్డ తల్లికి ఈ సెలవు నిరాకరించడం రాజ్యాంగ బాధ్యతను ఉల్లంఘించడమే అంది. మంచి తీర్పే. మన క్వార్టరులో మాత్రం ఉద్యోగం తండ్రిది. భార్య ఉన్న తండ్రికి ఆ సెలవు లేదు. చూసుకోవడం ఆడవాళ్ల పని అన్న నమ్మకం సెలవు నియమాల్లోకి కూడా చొరబడింది.

ఇక తల్లుల కోసం ఏదైనా పనిచేస్తుందని రుజువైందా అంటే, అయింది. 2014లో ఎలిజబెత్ డైకెన్స్ బృందం అమెరికాలో 243 మంది తల్లులను, ఆటిజం, ఇతర వైకల్యాలున్న పిల్లల తల్లులను, రెండు రకాల తరగతుల్లో చేర్చింది. మొదట చూస్తే వాళ్లలో 85 శాతం మందికి ఒత్తిడి ప్రమాద స్థాయిలో ఉంది, దాదాపు సగం మందికి డిప్రెషన్. వారానికి ఒకటిన్నర గంట, ఆరు వారాలు. ఒక తరగతిలో శ్వాస, ధ్యానం. రెండో దాంట్లో అపరాధభావంతో, ఆదుర్దాతో ఎలా నెగ్గుకురావాలో నేర్పారు. రెండూ పనిచేశాయి, ధ్యానం కొంచెం ఎక్కువగా, నిద్ర సహా. అదే ఏడాది కామెరాన్ నీస్ చేసిన మరో పరిశోధనలో తల్లిదండ్రుల ఒత్తిడి తగ్గించే తరగతులు పెడితే, ఏ థెరపీ ఇవ్వని వాళ్ల పిల్లల్లో కూడా నిలకడ పెరిగింది.

డైకెన్స్ తరగతుల్లో పాఠం చెప్పినవాళ్లు డాక్టర్లు కారు. శిక్షణ తీసుకున్న అలాంటి తల్లులే. మన దగ్గర గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ కూడా ఆటిజం పిల్లల తల్లిదండ్రులకు నేర్పే పనిని నిపుణులు కాని కార్యకర్తలతో చేయించవచ్చని 2016లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి తల్లిదండ్రుల కోసం తయారుచేసిన శిక్షణ 2022 నుంచి ఆన్‌లైన్లో ఉచితంగా దొరుకుతోంది. అందులో సంరక్షకుల క్షేమానికి కూడా పాఠాలున్నాయి. కావలసింది ఒక గది, వారానికి ఒక మధ్యాహ్నం, ఆ గంటన్నర పిల్లలను ఆడించేందుకు ఇద్దరు మనుషులు. రైల్వే కాలనీల్లో ఇన్‌స్టిట్యూట్ హాళ్లుంటాయి, సాయంత్రం క్యారమ్స్ మొదలయ్యేదాకా ఖాళీగా. తెలుగు, బెంగాలీ, భోజ్‌పురి తల్లులు ముగ్గురు కలిసి వెళ్లి తాళంచెవి అడిగితే, కాదనడానికి సెక్రటరీకి కారణం వెతుక్కోవాలి.